ఇన్సులిన్ నిరోధకత

ఇన్సులిన్ నిరోధకత అనగా శరీరంలో ఇన్సులిన్ అనే హార్మోను తగినంతగా, ఒక్కొక్కప్పుడు అవసరానికి మించి ఉన్నప్పటికీ, కండరాలు, కాలేయం, కొవ్వు కణజాలం దానికి మునుపటిలా స్పందించకపోవడం. రెండవ రకం మధుమేహానికి ఎన్నో ఏళ్ళ ముందు నుంచే ఈ స్థితి ఉంటుంది. ఆ కాలంలో రక్తపరీక్ష చేయిస్తే గ్లూకోజు సాధారణ స్థాయిలోనే కనబడవచ్చు. కణాల మొండితనాన్ని క్లోమం మరింత ఇన్సులిన్ స్రవించి భర్తీ చేస్తూ ఉండడమే అందుకు కారణం. ఆ భర్తీ చాలక పోయిననాడు గ్లూకోజు పెరుగుతుంది, "షుగరు వచ్చింది" అంటారు. నిన్నటి దాకా లేనిది ఇవాళ వచ్చిందన్న ఈ మాట వాడుకలో ఎంత సహజంగా వినిపించినా శాస్త్రరీత్యా సరికాదు. ఈ విషయం బోధపడాలంటే ఆరోగ్యవంతుని రక్తంలో గ్లూకోజు ఎలా అదుపులో ఉంటుందో ముందుగా తెలుసుకోవాలి.

రక్తంలో గ్లూకోజు ఎంత?

పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. పరగడుపున డెసిలీటరుకు, అనగా 100 మిల్లీలీటర్లకు, 90 మిల్లీగ్రాముల చొప్పున లెక్కిస్తే మొత్తం రక్తంలో ఉన్న గ్లూకోజు నాలుగున్నర గ్రాములు. చిన్న చెంచాడు పంచదార ఎంత ఉంటుందో అంత! (ఈ వ్యాసంలో గ్లూకోజు స్థాయిలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాములలోనే ఇవ్వబడినవి.) మెదడుకు రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు కావాలి, అంటే గంటకు 5 గ్రాములు. రక్తంలో ఉన్నదంతా మెదడు ఒక్కదానికే ఇచ్చినా గంటసేపు చాలదు. మరోవైపు పావుకిలో వరి అన్నంలో దాదాపు 70 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అది జీర్ణమైతే రక్తంలో ఉన్న మొత్తం గ్లూకోజుకు పదిహేను రెట్లు గ్లూకోజు రెండు మూడు గంటలలో వచ్చి చేరుతుంది. అయినప్పటికీ ఆరోగ్యవంతునిలో భోజనమైన రెండు గంటలకు ఈ స్థాయి 140 లోపునకు దిగుతుంది, రాత్రంతా ఏమీ తినకపోయినా 70 కన్న తగ్గదు. వాగు పొంగినా ఎండినా నీటి మట్టం జానెడు కూడా మారని చెరువును ఊహించుకుంటే ఈ ఏర్పాటు ఎంత నిశితమైనదో అర్థమవుతుంది.

మట్టం ఇంత కచ్చితంగా నిలపవలసిన అవసరం ఉన్నది. గ్లూకోజు 70 కన్న తగ్గితే చెమట, వణుకు, గుండెదడ, ఆకలి మొదలవుతాయి; ఇంకా పడిపోతే మెదడు పని మందగించి స్పృహ తప్పవచ్చు. ఇది నిమిషాలలో ముంచుకొచ్చే అపాయం. పెరుగుదల వలన కలిగే హాని చాలావరకు నిదానమైనది. ఎక్కువైన గ్లూకోజు మాంసకృత్తులకు అంటుకుని వాటిని పాడుచేస్తుంది. కళ్ళు, మూత్రపిండాలు, నరాలు ఏళ్ళ తరబడి దెబ్బతింటాయి. సుమారు 180 దాటితే మూత్రపిండాలు గ్లూకోజును పూర్తిగా వెనక్కు పీల్చుకోలేవు, అది మూత్రంలోకి వస్తుంది. మన ప్రాచీన వైద్యులు మధుమేహం అని పేరు పెట్టినది ఈ దశకే. ఆ తీపి చక్కెర వలన కలిగినదేనని ఇంగ్లాండులో మాథ్యూ డాబ్సన్ 1776లో చూపించాడు. నేటి లెక్కలో చూస్తే మూత్రంలో తీపి చాలా ఆలస్యంగా కనబడే గుర్తు.

క్లోమం, దాని కొలమానం

జీర్ణాశయం వెనుక ఉన్న క్లోమంలో అధిక భాగం జీర్ణరసాన్ని తయారుచేస్తుంది. మధ్యమధ్య దీవులవలె చెదరి ఉన్న కణాల గుంపులను 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి వర్ణించాడు, కాని అవి ఏమి చేస్తాయో అతనికి తెలియదు. ఇవే లాంగర్‌హాన్స్ పుటికలు. క్లోమం బరువులో ఇవి ఒకటి రెండు శాతమే. 1889లో స్ట్రాస్‌బర్గులో మింకోవ్‌స్కీ, మెరింగ్ క్లోమాన్ని తొలగించిన కుక్కకు మధుమేహం రావడం గమనించారు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్, మెక్లియాడ్, కాలిప్ కలిసి పుటికల స్రావాన్ని వేరుచేయగలిగారు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ బాలునికి అది ఇవ్వబడింది. అంతకు ముందు మొదటి రకం మధుమేహం సోకిన పిల్లలు ఎక్కువ కాలం బ్రతికేవారు కారు.

పుటికలలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను, ఆల్ఫా కణాలు గ్లూకగాన్‌ను స్రవిస్తాయి. మొదటిది గ్లూకోజును తగ్గిస్తుంది, రెండవది పెంచుతుంది. గ్లూకోజు ఎంత ఉన్నదో బీటా కణానికి ఎలా తెలుస్తుంది? గ్లూకోజు ఆ కణంలోకి ప్రవేశించి దహనమవుతుంది. ఎంత ఎక్కువ గ్లూకోజు వస్తే అంత ఎక్కువ ఏటీపీ తయారవుతుంది. ఏటీపీ పెరిగితే కణం పైపొరలోని పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి. దానితో పొరకు అటూ ఇటూ ఉన్న విద్యుదావేశం మారి కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి రాగానే ఇన్సులిన్ నిండిన చిన్న చిన్న సంచులు పైపొరకు చేరి పగులుతాయి. అంటే బీటా కణం గ్లూకోజును వాడి చూసి కొలుస్తుంది. ఈ ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమాన్, అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్కే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారని ఈ సందర్భంలో గుర్తుచేసుకోవచ్చు. గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గ్లూకోజుతో నిమిత్తం లేకుండా అదే పొటాషియం ద్వారాన్ని మూసివేస్తాయి. కావుననే ఈ రకం మాత్ర వేసుకుని భోజనం మానితే గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోవచ్చు.

గ్లూకోజును నోటిద్వారా ఇచ్చినప్పుడు, అంతే గ్లూకోజును సిరలోకి ఎక్కించినప్పటికన్న ఇన్సులిన్ ఎక్కువగా వెలువడుతుంది. ఆహారం వచ్చిందని పేగులు జీఎల్‌పీ-1 మొదలైన హార్మోనుల ద్వారా క్లోమానికి ముందుగా కబురు పంపడమే దీనికి కారణం.

ఇన్సులిన్ చేసే పని

పాఠ్యపుస్తకాలలో ఇన్సులిన్‌ను తాళంచెవితోను, కణాన్ని తలుపుతోను పోల్చడం పరిపాటి. తాళంచెవి తిరిగితే తలుపు తెరుచుకుంటుంది, గ్లూకోజు లోపలికి పోతుంది. పిల్లలకు చెప్పడానికి ఇది బాగున్నా సగం నిజమే. మెదడులోకి గ్లూకోజు పోవడానికి ఇన్సులిన్ అవసరం లేదు. కాలేయంలో దాని ముఖ్యమైన పని గ్లూకోజును లోపలికి తేవడం కాదు, బయటికి పోకుండా ఆపడం.

క్లోమం నుంచి వెలువడిన ఇన్సులిన్ ముందుగా కాలేయానికి చేరుతుంది; అందులో సుమారు సగం అక్కడే ఖర్చవుతుంది. పరగడుపున కాలేయం గంటకు ఏడు గ్రాముల చొప్పున గ్లూకోజును రక్తంలోకి వదులుతూ ఉంటుంది. భోజనం తరువాత ఇన్సులిన్ ఈ ఉత్పత్తిని అణచివేసి, మిగులు గ్లూకోజును గ్లైకోజెన్‌గా దాచమంటుంది.

కండరాలలో జరిగేది వేరు. గ్లూకోజును మోసే గ్లూట్-4 అనే మాంసకృత్తు మామూలు వేళ కణం లోపలే సంచులలో ఉంటుంది. ఇన్సులిన్ కణం పైనున్న గ్రాహకానికి తగలగానే లోపల కొన్ని మాంసకృత్తులు ఒకదాని నుంచి ఒకటి సంకేతాన్ని అందుకుంటాయి. చివరికి ఆ సంచులు పైపొరకు చేరి గ్లూట్-4 బయటపడుతుంది. అప్పుడే గ్లూకోజు లోపలికి వెళుతుంది. తలుపు తాళం తీయడం కన్న, గోడౌనులోని తలుపులను తెచ్చి గోడకు బిగించడంతో దీనిని పోల్చడం మేలు. ఇన్సులిన్ ప్రభావంతో శరీరం గ్రహించే గ్లూకోజులో అత్యధిక భాగం కండరాలదే. కొవ్వు కణాలలో ఇన్సులిన్ కొవ్వు కరగకుండా ఆపుతుంది. ఈ పనికి ఇన్సులిన్ అతి స్వల్పంగా ఉన్నా చాలు.

రాత్రివేళ ఇన్సులిన్ తగ్గి గ్లూకగాన్ పైచేయి అవుతుంది. కాలేయంలోని సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్ కరుగుతుంది. అది తరిగేకొద్దీ లాక్టేటు, గ్లిజరాల్, అమైనో ఆమ్లాల నుంచి కాలేయం కొత్తగా గ్లూకోజును తయారుచేస్తుంది. కండరాలలో దీనికి మూడు నాలుగు రెట్ల గ్లైకోజెన్ ఉన్నా, దానిని గ్లూకోజుగా బయటికి పంపే ఎంజైము వాటికి లేదు; ఆ నిల్వ వాటికే. ఎడ్రినలిన్, కార్టిసాల్, పెరుగుదల హార్మోను కూడా గ్లూకోజును పెంచేవే. జ్వరం వచ్చినప్పుడు, ఆపరేషను సమయంలో, తీవ్రమైన ఆందోళనలో ఏమీ తినకపోయినా రక్తంలో గ్లూకోజు పెరగడానికి కారణం ఇవే. గ్లూకోజును తగ్గించడానికి మాత్రం ప్రధానంగా ఇన్సులిన్ ఒక్కటే దిక్కు. ఆకలితోను, పరుగుతోను గడిచిన మానవజాతి చరిత్రలో గ్లూకోజు పడిపోవడమే పెద్ద ముప్పు కనుక ఏర్పాటు ఇలా ఒకవైపు మొగ్గిందని అనుకోవచ్చు.

నిరోధకత ఎలా ఏర్పడుతుంది?

కణం పైనున్న గ్రాహకం చెడిపోవడం వలన కలిగే నిరోధకత చాలా అరుదు. సాధారణంగా లోపం గ్రాహకానికి లోపలివైపున, సంకేతం చేతులు మారే చోట ఉంటుంది. పరిశోధకులు దీనికి ముఖ్య కారణంగా చూపేది కొవ్వు చేరరాని చోట చేరడం. చర్మం కింద ఉన్న కొవ్వు కణజాలం శరీరానికి క్షేమమైన గాదె. ఖర్చుకు మించిన ఆహారం ఏళ్ళ తరబడి వచ్చి ఆ గాదె నిండితే కొవ్వు కాలేయంలోను, కండరాలలోను, పొట్టలోని అవయవాల చుట్టూ చేరుతుంది. కాలేయ, కండర కణాలలో పోగైన డైఎసైల్‌గ్లిజరాల్ వంటి కొవ్వు పదార్థాలు ఇన్సులిన్ సంకేతానికి అడ్డుపడతాయి. ఉబ్బిన కొవ్వు కణజాలంలో రగిలే స్వల్పమైన వాపు దీనికి తోడవుతుంది.

లావుగా ఉండడమే కారణమైతే ఒంట్లో కొవ్వే లేనివారికి ఈ బాధ ఉండకూడదు. కాని లైపోడిస్ట్రఫీ అనే అరుదైన జబ్బులో చర్మం కింద కొవ్వు దాదాపు ఉండదు, ఇన్సులిన్ నిరోధకత మాత్రం అతి తీవ్రంగా ఉంటుంది. గాదె లేని ఇంట్లో ధాన్యం నట్టింట్లో పోసినట్లు, కొవ్వంతా కాలేయంలోను కండరాలలోను చేరుతుంది. కాబట్టి కొవ్వు ఎంత ఉన్నదన్న దానికన్న ఎక్కడ ఉన్నదన్నది ముఖ్యం.

నిరోధకత అన్ని పనులకూ సమానంగా రాదు. కాలేయం గ్లూకోజు ఉత్పత్తిని ఆపమన్న ఆదేశాన్ని పెడచెవిన పెడుతుంది, కొవ్వును తయారుచేయమన్న ఆదేశాన్ని మాత్రం పాటిస్తూనే ఉంటుంది. ఫలితంగా గ్లూకోజుతో పాటు రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, కాలేయంలో కొవ్వు మరింత చేరుతుంది, దానితో నిరోధకత ఇంకా పెరుగుతుంది.

ఇన్సులిన్ నిరోధకత ఎల్లప్పుడూ రోగమే అనుకోరాదు. గర్భిణిలో మాయ నుంచి వెలువడే హార్మోనులు తల్లి కణాలను ఇన్సులిన్‌కు కొంత మొండిగా చేసి, గ్లూకోజు బిడ్డకు అందేలా చూస్తాయి. తల్లి క్లోమం ఈ అదనపు భారాన్ని మోయలేనప్పుడు వచ్చేది గర్భకాలపు మధుమేహం. కాన్పు తరువాత అది చాలావరకు తగ్గిపోయినా, ఆ స్త్రీకి మున్ముందు రెండవ రకం మధుమేహం వచ్చే అవకాశం ఇతరులకన్న ఎక్కువ. మన ఇళ్ళలో కాన్పు తరువాత బిడ్డ మీద ఉన్న శ్రద్ధలో తల్లికి చేయించవలసిన పరీక్ష మరుగున పడిపోతుంది. కౌమారంలో కూడా కొంతకాలం నిరోధకత సహజంగానే పెరిగి తగ్గుతుంది.

సన్నని ఒళ్ళు, కనబడని కొవ్వు

2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యుల ఫొటో వచ్చింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండనుకు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి శరీర ద్రవ్యరాశి సూచిక ఒకటే, 22.3. చూపులకు ఇద్దరూ సన్నగానే ఉన్నారు. కాని శరీరంలో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! ఈ తేడా పుట్టుక నుంచే ఉన్నదని యాజ్ఞిక్ బృందం పరిశోధనలు సూచించాయి. పుణె పరిసర గ్రామాల శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లాండులోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. ఇక్కడి బిడ్డలలో కండ, ఎత్తు తక్కువగా ఉండగా చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు.

భారతీయులకు సూచిక 23 దాటితేనే అధిక బరువుగా పరిగణించాలని, నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదని వైద్యులు నిర్ణయించడానికి ఆధారం ఇటువంటి పరిశోధనలే. అమెరికాలోని మధుమేహ సంఘం కూడా 2015లో ఆసియా సంతతివారికి పరీక్ష మొదలుపెట్టవలసిన సూచికను 25 నుంచి 23కు తగ్గించింది. అక్కడ స్థిరపడిన తెలుగువారికీ ఇది వర్తిస్తుంది. "నేను సన్నగానే ఉన్నాను, నాకు షుగరెందుకు వస్తుంది?" అనేవారు త్రాసును వదిలి ఒకసారి నడుముకు టేపు పెట్టి చూసుకోవడం మంచిది.

భర్తీ, అలసట

మధుమేహులందరిదీ ఒకే లోపం కాదని 1936లో లండనులో హెరాల్డ్ హింస్‌వర్త్ చూపించాడు. రోగులకు నోటిద్వారా గ్లూకోజు, సిరలోకి ఇన్సులిన్ ఒకేసారి ఇస్తే కొందరిలో గ్లూకోజు పెరగలేదు, మరికొందరిలో ఇన్సులిన్ ఇవ్వనట్లే పెరిగింది. ఈ రెండవవారిలో ఇన్సులిన్ పనిచేయడం లేదన్నమాట. అయితే రక్తంలో ఇన్సులిన్‌ను కొలిచే సాధనం అప్పటికి లేదు. న్యూయార్కులో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ ఆ సాధనాన్ని కనిపెట్టి 1960లో ప్రకటించిన ఫలితాలలో, పెద్దవయసులో మధుమేహం వచ్చినవారిలో ఇన్సులిన్ తక్కువగా కాక ఎక్కువగా ఉన్నట్లు తేలింది. 1988లో జెరాల్డ్ రీవెన్ అధిక రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్టెరాలు తగ్గడం వంటివన్నీ ఇన్సులిన్ నిరోధకత చుట్టూ ముడిపడి ఉన్నాయని ప్రతిపాదించాడు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇద్దరికీ పరగడుపున గ్లూకోజు 95. రిపోర్టులో ఇద్దరికీ "సాధారణం" అని వస్తుంది. కాని ఒకరిలో ఆ 95 నిలబడడానికి 5 యూనిట్ల ఇన్సులిన్ సరిపోతున్నది, మరొకరికి 20 కావలసివస్తున్నది. గ్లూకోజును ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగించే హోమా అనే లెక్క ప్రకారం మొదటివారికి 1.2, రెండవవారికి 4.7 వస్తుంది. ఇక్కడ యూనిట్లు అనగా మిల్లీలీటరుకు మైక్రోయూనిట్లు. పరిశోధనలలో ఈ లెక్క ఎక్కువగా వాడతారు. ఇన్సులిన్ కొలత లాబొరేటరీని బట్టి మారుతుంది గనుక వైద్యులు దీనిని అందరికీ వ్రాయరు.

రెండవ వ్యక్తి క్లోమం చాలాకాలం ఇలా నాలుగింతల పని చేయగలదు. నిరోధకత ఉన్న వారందరికీ మధుమేహం రాదు కూడా. వంశపారంపర్యంగా బీటా కణాల శక్తి తక్కువగా ఉన్నవారిలో, వాటిలోను కొవ్వు చేరినవారిలో, క్రమంగా స్రావం తగ్గుతుంది. మొదట తగ్గేది భోజనం మొదలైన కొద్ది నిమిషాలలో రావలసిన తొలి విడత ఇన్సులిన్. అందువలన అన్నం తిన్న తరువాతి గ్లూకోజు ముందు పెరుగుతుంది, పరగడుపు గ్లూకోజు తరువాత పెరుగుతుంది. బ్రిటన్‌లో జరిగి 1998లో ఫలితాలు వెలువడిన పెద్ద అధ్యయనం ప్రకారం, వ్యాధి నిర్ధారణ అయ్యేసరికే బీటా కణాల సామర్థ్యం సుమారు సగానికి పడిపోయి ఉంది.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన సర్వే 2023లో ప్రకటించిన అంచనా మేరకు దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి దానికి ముందు దశ ఉన్నాయి.

గుర్తులు, పరీక్షలు

నిరోధకతకు నొప్పి ఉండదు. మెడ వెనుక, చంకలలో చర్మం నల్లబడి మఖమలులా దళసరి కావడం ఒక గుర్తు. దీనిని మురికి అనుకుని పిల్లలను పీచుతో తోమడం, మందలించడం చూస్తుంటాము. ఇది రుద్దితే పోదు. అధిక ఇన్సులిన్ చర్మ కణాలను పెంచడం వలన వచ్చినది. నెలసరి క్రమం తప్పడం, అండాశయాలలో నీటిబుడగలు, స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టిందని తేలడం, ట్రైగ్లిజరైడ్లు పెరగడం కూడా ఆలోచించవలసిన గుర్తులే.

పరగడుపు గ్లూకోజు 126 గాని, 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 గాని, మూడు నెలల సగటును సూచించే హెచ్‌బిఎ1సి 6.5 శాతం గాని, వాటికి మించి గాని ఉంటే మధుమేహం. లక్షణాలు లేనివారిలో మరొక పరీక్షతో ధ్రువపరచుకోవాలి. పరగడుపున 100 నుంచి 125 వరకు ముందు దశ అని అమెరికా సంఘం అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ దశను 110 నుంచి లెక్కిస్తుంది. పైన చెప్పిన కారణంగా పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకుంటే తొలిదశ జారిపోయే అవకాశం ఉన్నది.

తగ్గించే మార్గాలు

కండరం సంకోచించినప్పుడు గ్లూట్-4 ఇన్సులిన్ ప్రమేయం లేకుండానే పైపొరకు చేరుతుంది. అంటే నిరోధకత ఉన్న మనిషిలో కూడా నడిచే కాళ్ళు గ్లూకోజును తీసుకుంటాయి. వ్యాయామం ముగిసిన తరువాత కూడా ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుంది. భోజనం తరువాత కొద్దిసేపు నడవడం వలన ప్రయోజనం ఇదే.

ఆహారం విషయంలో తీపి మానితే చాలునన్న నమ్మకం మనవారిలో బలంగా ఉన్నది. కాఫీలో పంచదార మానేసి, రెండు పూటలా పళ్ళెం నిండా తెల్లన్నం తినేవారికి గ్లూకోజు ఎక్కడి నుంచి వస్తున్నదో పైన చూపిన లెక్కే చెబుతుంది. అన్నం పాళ్ళు తగ్గించి పప్పు, కూరలు పెంచడం మన భోజనంలో సాధ్యమైన మార్పే. మెట్‌ఫార్మిన్ ప్రధానంగా కాలేయపు గ్లూకోజు ఉత్పత్తిని తగ్గిస్తుంది. గ్లూకోజు సాధారణ స్థాయికి వచ్చిందని కొందరు మాత్రలు సొంతంగా మానేస్తారు; ఆ స్థాయి మందు వలన వచ్చినది గనుక వైద్యుని అడగకుండా మానరాదు. మొదటి రకం మధుమేహంలో సమస్య వేరు, అక్కడ ఇన్సులిన్ ఉత్పత్తే ఉండదు. ఇన్సులిన్ ఇంజెక్షను ఆపితే ప్రాణాపాయం.

ముందు దశలో ఉన్నవారిపై అమెరికాలో జరిపిన అధ్యయనంలో ఆహారం, వ్యాయామం, స్వల్పంగా బరువు తగ్గడం వలన మధుమేహం రావడం 58 శాతం, మెట్‌ఫార్మిన్ వలన 31 శాతం తగ్గినట్లు 2002లో తేలింది. చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం 531 మందిపై జరిపి 2006లో ప్రకటించిన అధ్యయనంలో జీవనశైలి మార్పు వలన 28.5 శాతం, మెట్‌ఫార్మిన్ వలన 26.4 శాతం తగ్గింది. రెండూ కలిపినా అంతకు మించి లాభం కనబడలేదు.

జబ్బు వచ్చిన తరువాత కూడా దారి పూర్తిగా మూసుకుపోదు. బ్రిటన్‌లో మధుమేహం వచ్చి ఆరేళ్ళు మించని, ఇన్సులిన్ వాడని, అధిక బరువున్న రోగులకు వైద్యుల పర్యవేక్షణలో కొన్ని నెలలపాటు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చారు. 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఏడాది ముగిసేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే గ్లూకోజు మధుమేహ స్థాయికి దిగువన నిలిచింది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో ఇది 86 శాతం. రెండవ ఏడాది ముగిసేసరికి మొత్తం మీద 36 శాతం మంది ఆ స్థితిలో మిగిలారు.